ఏబీఏ లీగ్ ఫైనల్: ఒక్క మ్యాచా, సిరీసా?

ఆడ్రియాటిక్ సముద్ర తీర ప్రాంతపు (సెర్బియా, క్రొయేషియా వంటి దేశాల క్లబ్‌ల) ఏబీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లో తొలి ఏళ్లలో టైటిల్ ఎక్కువగా ఒక్క మ్యాచ్‌తోనే తేలిపోయేది. ఆ టెన్షనే వేరు! 2010 జాగ్రెబ్ ఫైనల్ ఓవర్‌టైమ్‌లో, ఒక్క సెకను కూడా మిగలని దశలో జాగ్రెబ్ క్లబ్ సిబోనా ఆటగాడు బొగ్దానోవిచ్ మూడు పాయింట్ల షాట్ కొట్టాడు. సొంత అభిమానులు సంబరాలు మొదలుపెట్టేశారు. అంతలోనే బెల్‌గ్రేడ్ క్లబ్ పార్టిజాన్ ఆటగాడు కెత్స్‌మన్ సగం కోర్టు నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది. 75-74తో కప్పు బెల్‌గ్రేడ్‌కు వెళ్లిపోయింది.

2015లో ఐదు మ్యాచ్‌ల సిరీస్ వచ్చింది, మూడు గెలిచిన జట్టే విజేత. 2018లో బెల్‌గ్రేడ్ జట్టు క్ర్వేనా జ్వెజ్దాను 3-1తో ఓడించిన మాంటెనెగ్రో జట్టు బుడుచ్‌నోస్ట్ గెలుపును అదృష్టమని ఎవరూ అనలేరు. 2023లో పార్టిజాన్, జ్వెజ్దాల పోరు ఐదో మ్యాచ్ దాకా సాగింది. కాబట్టి సిరీస్‌లో ఉత్కంఠ తగ్గుతుందన్న వాదన నిలవదు. నా ఓటు సిరీస్‌కే.