ఎస్‌ఫ్లిట్–పీఎల్‌జీఎఫ్ రక్తపరీక్ష: నల్లగొండ నుంచి శాంపిల్ పంపేవాళ్ల కోసం రివ్యూ

ఏడో నెలలో బీపీ 136/88 దగ్గర ఊగుతోంది. కాళ్లు ఉబ్బినయి. మూత్రంలో ప్రొటీన్ ‘ట్రేస్’ అని వచ్చింది. ఇంట్లో అత్తమ్మ "కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బుడు మామూలే" అంటుంది, తల్లి "ఇప్పుడే పట్నం తీస్కపోదాం" అంటుంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి తల్లికీ బిడ్డకూ ముప్పు తెచ్చే ప్రీ-ఎక్లాంప్సియా అనే జబ్బు ఉందా, వస్తుందా అని చూసి, ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చడానికి పనికొచ్చే పరీక్ష ఇది. సరైన వారంలో డాక్టర్ రాస్తే పెట్టిన పైసలకు న్యాయం చేస్తుంది. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి ప్యాకేజీలో కలిపి చేస్తే దండుగ.

కౌంటర్ దగ్గర హార్మోన్ పరీక్ష అంటారు కానీ, కొలిచేది మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే రెండు ప్రొటీన్లను. పీఎల్‌జీఎఫ్ రక్తనాళాలకు మేలు చేస్తుంది. ఎస్‌ఫ్లిట్-1 దాన్ని పట్టేసి పని చేయనివ్వదు. మాయకు రక్తం సరిగా అందకపోతే మొదటిది తగ్గి, రెండోది పెరుగుతుంది. రిపోర్టులో చూడాల్సింది ఈ రెండింటి నిష్పత్తి. ఎస్‌ఫ్లిట్ 3,800, పీఎల్‌జీఎఫ్ 190 ఉంటే 20. అదే 9,000, 60 ఉంటే 150.

ఆ నిష్పత్తికి గీత 38 దగ్గర ఉంది. 24 వారాల నుంచి 37 నిండేలోపు గర్భిణులపై చేసి 2016లో ప్రచురించిన ప్రోగ్నోసిస్ అధ్యయనంలో, 38 లేదా తక్కువ వస్తే వారంలోపు ప్రీ-ఎక్లాంప్సియా రాదన్న మాట 99.3 శాతం నిలబడింది. ఈ పరీక్ష అసలు బలం అదే. ఆ భరోసా వారానికే, నెలకు కాదు. ఇక 38 దాటిందని గుండెలు బాదుకోవద్దు. అలా దాటినవాళ్లలో నాలుగు వారాల్లోపు జబ్బు తేలింది 36.7 శాతానికే. 34 వారాలలోపు 85, ఆ తర్వాత 110 దాటితే మాత్రం డాక్టర్ గట్టిగా పట్టించుకుంటారు.

మన దగ్గర దెబ్బతినేది శాంపిల్ దారిలోనే. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తీసిన రక్తం ఎక్కువగా హైదరాబాద్ చేరాలి, అంటే వంద కిలోమీటర్ల దారి. పసుపు మూత జెల్ ట్యూబులో తీశాక అరగంట నిలబెట్టి గడ్డకట్టనివ్వాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరుచేయాలి, ఐస్ బాక్సులో పంపాలి. తిప్పాక పైన తేరిన సీరం లేత పసుపులో ఉండాలి. గులాబీ రంగు కనిపిస్తే రక్తకణాలు పగిలినట్టు, మళ్లీ తీయాల్సిందే. శనివారం సాయంత్రం ఇస్తే ఆదివారమంతా అక్కడే పడి ఉండొచ్చు, సోమవారం పొద్దున ఇవ్వడం మేలు. పరగడుపున ఉండక్కర్లేదు.

జుట్టు కోసం బయోటిన్ గోలీ వేసుకుంటుంటే ముందే చెప్పాలి. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని యంత్రాల లెక్కను తప్పిస్తుంది. ఆఖరి గోలీకీ రక్తం తీయడానికీ కనీసం 8 గంటల ఎడం ఉంచాలి. రెండోసారి చేయిస్తే అదే ల్యాబులో చేయించాలి. 38 అనేది రోష్ కంపెనీ ఎలెక్సిస్ పద్ధతి మీద తేలిన అంకె. ఇదే నిష్పత్తిని వేరే యంత్రం మీద కొలిచే, అమెరికాలో 2023లో అనుమతి పొందిన బ్రామ్స్ క్రిప్టార్ పరీక్షకు గీత 40. ఫారం మీద వారాలు మొదటి మూడు నెలల స్కాన్ ప్రకారం రాయించాలి, కవలలైతే అదీ రాయించాలి.

మూడో నెలలో ఉన్నవాళ్లకు ఇది వేళ కాదు. 11 నుంచి 14 వారాలలోపు చేసే డబుల్ మార్కర్ రక్తపరీక్ష రిపోర్టులో పీఏపీపీ-ఏ (మాయ నుంచి వచ్చే ఇంకో ప్రొటీన్) మరీ తక్కువుంటే డాక్టర్‌కు చూపాలి. ప్రీ-ఎక్లాంప్సియా ముప్పు ఎక్కువని తేలితే 16 వారాలలోపే రాత్రిపూట ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు మొదలుపెట్టి 36 వారాల దాకా ఇస్తారు. సొంతంగా కొనుక్కుని వేసుకునే గోలీ కాదది.

ఈ ట్యూబు మీద ఖర్చు పెట్టేముందు బీపీ సరిగా చూపించుకోండి. అయిదు నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె లేనిపోనిది ఎక్కువ చూపుతుంది. 160/110 వచ్చినా, ఆగని నెత్తినొప్పి, కండ్లు మసకలు, పక్కటెముకల కింద నొప్పి ఉన్నా రిపోర్టు కోసం చూడొద్దు. ఊళ్లల్లో గుర్రపువాతం అనే ఫిట్స్ ఆ తర్వాతి మెట్టే. 108కి ఫోన్ చేసి, కాన్పుల వార్డు ఉన్న పెద్ద దవాఖానకే పోవాలి.