భీమిలి దారిలో రెండు చిన్న పెళ్లిళ్లు

మాఘమాసంలో రెండు పెళ్లిళ్ల ఫొటోలు తీయడానికి రాజమండ్రి నుంచి వైజాగ్ వెళ్లి నాలుగు రోజులున్నాను. ఒకటి భీమిలి దారిలో ఒక తోట రిసార్టులో, 42 మందితో. రెండోది రుషికొండ వైపు సముద్రాన్ని ఆనుకున్న లాన్‌లో, 60 మంది లోపు. మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికితే అరకు వెళ్లి అక్కడి చోట్లు కూడా చూసి వచ్చాను. చిన్న పెళ్లి చేసుకుందామని వైజాగ్ వైపు చూస్తున్నవాళ్లకీ, కెమెరా సంచి మోసుకుని వచ్చే నాలాంటివాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి పెళ్లికూతురు నెల ముందే వాట్సాప్‌లో కొన్ని ఫొటోలు పంపింది. వాళ్లన్నయ్య కాలిఫోర్నియాలో ఉంటాడు. అతని స్నేహితుడి పెళ్లి అక్కడి మొజావే ఎడారిలో, ఎత్తు ప్రాంతంలో ఉన్న ఒక తోట రిసార్టులో జరిగిందట. "అన్నా, మాకూ ఇలాగే రావాలి" అంది. ఫొటోలు నిజంగా బాగున్నాయి. కానీ అక్కడి గాలి పొడి గాలి. ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మన తీరంలో గాలి నిండా తేమ. ఎండ పల్చటి పంచెలోంచి వడగట్టినట్టు దిగుతుంది. "ఆ వెలుతురు ఇక్కడ రాదు చెల్లెమ్మా. మన వెలుతురు మనకుంది, అది చూద్దాం" అన్నాను. ఒప్పుకుంది.

వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. అందరికీ తెలిసిందే, అయినా చోటు బుక్ చేసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. బీచ్ అనగానే సాయంత్రం బంగారు ఎండ అనుకుంటారు. నేను చూసిన రోజు ఐదున్నర దాటగానే లాన్ మీద ఎండ కొండ వెనక్కి పోయింది. బంగారం కావాలంటే పొద్దున్నే లేవాలి. ఫిబ్రవరిలో ఆరున్నర లోపే సూర్యోదయం. ఎనిమిది దాకా ముఖాల మీద ఎండ మెత్తగా ఉంటుంది, తర్వాత కళ్లు చిట్లించడం మొదలవుతుంది. అందుకే ఎవరైనా అడిగితే ముందు ముహూర్తం ఎన్నింటికో కనుక్కుంటాను. చోటు సంగతి దాని తర్వాతే.

తోట రిసార్టులో ముహూర్తం పొద్దున 7.48కి పడింది. పెద్ద మామిడి చెట్ల కింద మండపం. మాఘం కదా, చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. పూత రాలి మధుపర్కాల మీదా, పంతులుగారి భుజం మీదా పడుతూనే ఉంది. ఎవరూ దులుపుకోలేదు. చెట్ల కింద ఫొటోలకి ఒక చిక్కుంది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖాల మీద పడుతుంది, బుగ్గ మీద ఒక మచ్చ, ముక్కు మీద ఒక మచ్చ. ముందు రోజు సాయంత్రమే ఈ మాట చెబితే తోటమాలి నిచ్చెన తెచ్చి, స్టోరులో ఉన్న రెండు తెల్ల కర్టెన్లు కొమ్మలకి కట్టాడు. డబ్బు ఇవ్వబోతే, "పెళ్లి పని కదండీ" అని తీసుకోలేదు. రెండు రోజుల్లో నాకు అందిన సేవల్లో అదే గొప్పది.

ముహూర్తానికి అడ్డుతెర పట్టుకున్నది పెళ్లికూతురి అమ్మమ్మ. తెల్ల తెర, మధ్యలో పసుపు కుంకుమలతో స్వస్తిక. కల్యాణమండపంలో అయితే ఆ సమయానికి తెర చుట్టూ ముగ్గురు వీడియోవాళ్లు, పాతిక ఫోన్లు ఉంటాయి. పెద్దవాళ్ల ముఖాలు దొరకవు. ఇక్కడ రెండు అడుగుల దూరంలో 35 ఎంఎం లెన్సుతో మోకాళ్ల మీద కూర్చున్నాను. పెళ్లికూతురి అరచేతిలో తమలపాకు, దాని మీద జీలకర్ర బెల్లం ముద్ద. బొటనవేలు సన్నగా వణుకుతోంది. గట్టిమేళం మొదలైంది, ఇద్దరి చేతులూ పైకి లేచాయి. ఒక జీలకర్ర గింజ బెల్లంతో పాటు జారి పెళ్లికొడుకు కనుబొమ్మ మీద అతుక్కుంది. తెర దించేశారు. అమ్మమ్మ మాత్రం తన వైపు కొస వదల్లేదు, గుప్పిట్లో బిగించి పట్టుకుని మనవరాలినే చూస్తోంది. ఆ ఒక్క ఫొటో కోసం రాజమండ్రి నుంచి నడిచి రమ్మన్నా వస్తాను.

అదే రిసార్టులో నచ్చనివి కూడా చెప్పాలి. వేడి నీళ్లు ఆరింటికి గానీ రావన్నారు. మంగళస్నానాలు నాలుగింటికి. చివరికి వంటవాళ్ల పొయ్యి మీద కాచి బకెట్లతో మోశారు. దారులన్నీ కంకర రాళ్లు, చేతికర్ర పట్టుకున్న తాతయ్యని ఇద్దరు నడిపించాల్సి వచ్చింది. మంచి విషయం, సొంత వంటవాళ్లని రానిచ్చారు. గుమ్మడికాయ దప్పళం, పులిహోర, చివర్లో మాడుగుల హల్వా. వచ్చినవాళ్లకి ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇచ్చారు. పన్నెండు గదులు, రెండు రోజులు, లాన్‌తో కలిపి లక్షన్నర దాటిందని పెళ్లికూతురి నాన్నగారు చెప్పారు. నేను విడిగా తీసుకున్న గది టిఫిన్‌తో రోజుకి 3,800. శుభ్రంగా ఉంది. ఏసీ గదిలోంచి కెమెరా తీసి నేరుగా బయటికి వస్తే మాత్రం లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. సంచి మూత తీయకుండా అరగంట ముందే వరండాలో పెట్టండి. ఉప్పుగాలిలో పనిచేసిన రాత్రి కెమెరాని కాస్త తడిచేసిన మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవడం కూడా మర్చిపోవద్దు.

మర్నాడు పొద్దున కొత్త జంటని భీమిలి దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్లాను. ఎడారి కావాలన్న పిల్లకి మన దగ్గర ఉన్న జవాబు అదే. నిజానికి అది ఎడారి కాదు. ఒకప్పుడు సముద్రమట్టం బాగా తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి పోగేసింది. ఆ ఇసుకలోని ఇనుము వేల ఏళ్లలో తుప్పు రంగుకి తిరిగింది, వాన నీళ్లు లోతుగా కోసి వాగులు చేశాయి. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని భౌగోళిక వారసత్వ స్థలంగా ప్రకటించింది. గట్ల అంచులు చేత్తో నలిపితే రాలిపోయేంత మెత్తన. అందుకే ఇద్దరినీ జనం నడిచే బాట మీదే నిలబెట్టి, దూరం నుంచి 85 ఎంఎం లెన్సుతో తీశాను. కొందరు గట్టు కొస దాకా ఎక్కించి, గౌను పరిపించి ఫొటోలు తీస్తున్నారు. దయచేసి అలా చేయకండి. విరిగిపడ్డ గట్టుని మళ్లీ నిలబెట్టడం ఎవరి తరం కాదు. ఇంకో సంగతి, అక్కడి నేల ఎరుపు గడ్డం కిందికీ, తెల్ల బట్టల మీదికీ ఎగదన్నుతుంది. తెల్ల పంచె గులాబీ రంగులో వచ్చింది. రంగు సరిచేయాలని కూర్చుని, చేయకుండా వదిలేశాను. అలాగే బాగుంది.

లాన్ పెళ్లి సంగతి వేరు. చోటు పేరు చెప్పను. రాత్రి ముహూర్తం, వెనక సముద్రం. వినడానికి ఎంతో బాగుంటుంది, చీకటి పడ్డాక సముద్రం ఫొటోలో నల్లగోడ. ఆ నల్లగోడకి ముందు డెకరేషన్ వాళ్లు ఊదా, ఆకుపచ్చ లైట్లు పెట్టారు. పసుపు రాసిన కాళ్లు బూడిద రంగులో కనిపించాయి. ముహూర్తానికి ఆ లైట్లు ఆపి మామూలు పసుపు లైట్లు వేయమని మూడుసార్లు అడిగాను, తల ఊపారు. సరిగ్గా మంగళసూత్రం కట్టే వేళకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి పదిహేను సెకన్లు పట్టింది. మొదటి ముడి చీకట్లో పడింది. నాకు చెమటలు పట్టేశాయి. అప్పుడు పెళ్లికొడుకు మేనత్త వాళ్ల పక్కన ఉన్న దీపం ఎత్తి పట్టుకుంది, మిగతా రెండు ముళ్లూ ఆ దీపం వెలుగులోనే తీశాను. చీకట్లో తీయడానికి కెమెరా ఐఎస్ఓని (వెలుతురు గ్రహించే శక్తిని) 12,800 దాకా పెంచాను, గరగరలాడే ఫొటోలు. ఆ పెళ్లిలో వాళ్లకి బాగా నచ్చినవి అవే. అయినా ఆ లాన్‌ని నేను ఎవరికీ సిఫార్సు చేయను. జనరేటర్ ముందే ఆన్ చేసి ఉంచమని రాతపూర్వకంగా తీసుకోండి. డ్రోన్ కూడా ఉచితమని వాళ్లు ఊరించారు. వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ స్థావరం. ఏ జోన్‌లో ఉన్నారో డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూసుకోకుండా, అనుమతి లేకుండా ఎగరేయనివ్వకండి. మా వాళ్లు చివరికి వద్దనుకున్నారు.

అరకుకి పొద్దున రైల్లో వెళ్లాను, సొరంగాలు దాటుకుంటూ. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అక్కడ పది దాటినా వెలుతురు మెత్తగా ఉంది. ఫొటోలకైతే ఈ మూడింటిలో అరకే ముందు. పెళ్లికి మాత్రం ఆలోచించాలి. రోడ్డు మీద నగరం నుంచి 110 కిలోమీటర్ల పైమాటే, ఘాట్‌లో వాంతులు చేసుకోని పెద్దవాళ్లు తక్కువ. పంతులుగారినీ, మేళాన్నీ, పూలనీ వైజాగ్ నుంచే తెచ్చుకోవాలి. రాత్రి చలికి తలంబ్రాలు పోసుకునే చేతులు కొంకర్లు పోతాయి. నేను చూసిన రెండు చోట్లలో ఒకదానికి జనరేటరే లేదు.

వైశాఖంలో ఇంకో చిన్న పెళ్లి ఒప్పుకున్నాను. వాళ్లు అరకే అంటున్నారు. డెబ్భై దాటినవాళ్లు ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టి చెప్పమన్నాను.