కన్సోల్ లెక్కలు: షాపుకి పంపినవా, షాపులో అమ్మినవా, ఆడేవాళ్లా... ఏది మేలు?

ఏ కన్సోల్ (వీడియో గేములు ఆడే పెట్టె) గెలిచిందన్న గొడవలో ఇద్దరూ నిజమైన అంకెలే చూపిస్తారు, అయినా గొడవ తెగదు. ఒకరిది కంపెనీ షాపులకు పంపిన పెట్టెల లెక్క, ఇంకొకరిది షాపులో బిల్లు పడ్డ పెట్టెల లెక్క. మధ్యలో మూడో ఆయన దూరితే, ఆయనది నెలకు ఎంతమంది లాగిన్ అయ్యారన్న లెక్క. ఒక దేశంలో దేనికి ఆదరణ ఎక్కువో తెలియాలంటే వీటిలో ఏది పట్టుకోవాలి?

కన్సోల్ కంపెనీలు సోనీ, నింటెండో మూడు నెలలకోసారి చెప్పేవి ప్రధానంగా షిప్‌మెంట్లు, అంటే షాపులకు పంపిన పెట్టెలు. ఇన్వెస్టర్లకు కంపెనీ స్వయంగా ఇచ్చే లెక్క కాబట్టి అంచనాల గొడవ ఉండదు. చిక్కల్లా సమయంతోనే. నింటెండో వీ యూ 2012 నవంబర్‌లో వచ్చింది. డిసెంబర్ ఆఖరుకల్లా 30.6 లక్షలు షాపులకు వెళ్లాయి. అదే కన్సోల్ 2013 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రపంచం మొత్తానికి వెళ్లింది 1.6 లక్షలే: జపాన్‌కి 90 వేలు, అమెరికా ఖండాలకు 60 వేలు, యూరప్‌తో కలిపి మిగతా అందరికీ 10 వేలు. యూరప్‌లో మూడు నెలల్లో పది వేల మంది కూడా కొనలేదని కాదు దీనర్థం. ముందు పంపిన సరుకే షాపుల్లో మూలుగుతుంటే కొత్తది ఎవరు తెప్పించుకుంటారు? అంటే ఈ లెక్క మొదట్లో ఆదరణను ఉబ్బించి చూపింది, తర్వాత మరీ కుదించింది.

అయితే తయారీ ఆగిపోయి, సరుకు ఖాళీ అయ్యాక ఈ తేడా దాదాపు మాయమవుతుంది. వీ యూ మొత్తం 1.356 కోట్లు అంటే ఇక వాదన లేదు. పాత కన్సోల్‌కి షిప్‌మెంట్ లెక్క చాలు, మార్కెట్లో ఉన్నదానికి చాలదు.

మార్కెట్లో ఉన్నవాటికి, అదీ ప్రాంతాల వారీగా చూడాలంటే, నా ఓటు షాపు అమ్మకాలకే. జపాన్‌లో ఫామిత్సు అనే గేమ్ పత్రిక వారం వారం ఇస్తుంది, అమెరికాలో మార్కెట్ లెక్కలు తీసే సంస్థ సర్కానా (పాత ఎన్‌పీడీ) నెలనెలా చెబుతుంది. ఫామిత్సువి అంచనాలే, కానీ ఏళ్ల తరబడి ఒకే వరసలో వస్తాయి కాబట్టి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. సర్కానాతో ఇంకో తిరకాసు: జనానికి చెప్పేది ఎక్కువగా ర్యాంకులే, అవి కూడా ఒకసారి డాలర్లలో, ఒకసారి యూనిట్లలో (అమ్ముడైన పెట్టెల సంఖ్యలో). 2021లో కొన్ని నెలలు యూనిట్లలో నింటెండో స్విచ్, డాలర్లలో సోనీ పీఎస్5 ముందున్నాయి. రెండిటి అభిమానులూ పండగ చేసుకున్నారు! ఖరీదైన పెట్టె తక్కువ అమ్ముడైనా డబ్బులో గెలుస్తుంది. ఆదరణ కావాలంటే యూనిట్లే చూడాలి.

ఇంత చెప్పినా, అమ్మిన చోటే ఆడతారన్న గ్యారంటీ లేదు. యెన్ బలహీనపడ్డాక జపాన్‌లో కొన్న కన్సోల్ బయటివాళ్లకు చవకగా తేలింది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2ని నింటెండో అక్కడ జపనీస్ భాష ఒక్కటే ఉన్న మోడల్‌గా 49,980 యెన్‌లకు, అన్ని భాషల మోడల్‌గా 69,980 యెన్‌లకు పెట్టింది. తేడా 20 వేల యెన్‌లు, కానీ చవక పెట్టెలో జపనీస్ ఒక్కటే ఉంది కాబట్టి బయటికి తీసుకెళ్లినా అక్కడ పెద్దగా పనికిరాదు. కాబట్టి దాని అమ్మకాలను జపాన్ ఆదరణగా కొంచెం ధైర్యంగా చదువుకోవచ్చు.

మూడోది, నెలవారీ యూజర్లు. మైక్రోసాఫ్ట్ 2015లో తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ యూనిట్ల సంఖ్య చెప్పడం మానేసి ఈ లెక్కకు మారింది. మూలన దుమ్ము పట్టిన కన్సోల్ ఇందులోకి రాదు, అది మంచిదే. కానీ పీసీలో ఆడేవాళ్లూ అందులోనే కలిసిపోతే అది కన్సోల్ లెక్క ఎలా అవుతుంది? కంపెనీ ఆరోగ్యానికి పనికొస్తుందేమో, పోలికకు మాత్రం నేను వాడను.

ఇక ప్రాంతం అన్న మాటే జారుడు నేల. నింటెండో పట్టికలో అమెరికా ఖండాలది ఒకటే వరుస. దాని పాత కన్సోల్ నింటెండో 64 షిప్‌మెంట్లు 3.29 కోట్లయితే అందులో 2 కోట్లకు పైగా ఆ వరుసలోనే ఉన్నాయి, జపాన్‌వి 55 లక్షలే. ఇక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ అదే వరుసలో యూఎస్, బ్రెజిల్ కలిసిపోతాయి. సెగా కంపెనీ కన్సోల్ మాస్టర్ సిస్టమ్ యూఎస్‌లో నింటెండో ముందు నిలవలేకపోయింది, బ్రెజిల్‌లో మాత్రం అక్కడి కంపెనీ టెక్‌టాయ్ దాన్ని దశాబ్దాల పాటు అమ్మింది. రెండు దేశాలనూ ఒకే వరుసలో కూడితే మాస్టర్ సిస్టమ్ ఓడిపోయిందనే రాసుకుంటాం.