చవక మడత కత్తి కొంటే ముందు కీలు చూడండి

మాది దామలచెరువు దగ్గర పల్లె. ఆరెకరాల మామిడి తోట. ఎక్కువ తోతాపురి (మా వైపు బెంగళూరా అంటాం), కొంచెం బేనీషా (బంగినపల్లి), గట్టు మీద నీలం చెట్లు. 2018 నుంచి ఇప్పటిదాకా అయిదు మడత కత్తులు కొన్నాను. అన్నీ 1,500 రూపాయల లోపువే. వాటిలో ఒకటి పోయింది, ఒకటి విసిరేశాను, ఒకటి మూల పడింది, ఒకటి నాయన వాడుతున్నాడు, ఒకటి నా జేబులో ఉంది. ఈ జేబులో ఉన్నదాన్ని నాలుగేళ్లుగా వాడుతున్నాను.

కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ ధరలో ఒకే కత్తి నాలుగు పేర్లతో, నాలుగు డబ్బాల్లో వస్తుంది. ఈ రోజు నేను పేరు చెప్తే రేపు అదే పేరుతో ఇంకో సరుకు రావచ్చు. అందుకే చేతికి తీసుకుని ఏం చూడాలో చెప్తాను.

నా కత్తికి రోజూ ఉండే పని ఇది. ఎరువు సంచి కుట్టు తెంచడం, పురికొస కోయడం, 16 ఎంఎం డ్రిప్ పైపు కోయడం, అరటాకు, వేపపుల్ల. సీజన్‌లో కాయ కోసి లోపల కండ రంగు తిరిగిందో లేదో చూడటం. వానలు మొదలయ్యాక అంటు కట్టడం, అంటే మంచి చెట్టు పుల్లను టెంక నుంచి మొలిచిన మొక్కకు అతికించడం. వీటిలో కత్తి బండారం బయటపెట్టేది అంటు పని. మిగతావన్నీ ఎలాంటి కత్తితోనైనా జరిగిపోతాయి.

మొదటిది తిరుపతి గంగమ్మ జాతరలో 90 రూపాయలకు కొన్నాను. చెక్క పిడి, రెండు చివర్లా ఇత్తడి రేకు, మామూలు ఇనుము బ్లేడు. లాక్ లేదు, వెనక స్ప్రింగు పట్టు మాత్రమే. చూడటానికి ఏమీ లేదు. కానీ నూరితే పది నిమిషాల్లో చేతి మీద వెంట్రుక గొరిగేంత పదును వచ్చేది. మామిడి జీడి (సొన) తగిలితే బ్లేడు నల్లబడేది. దానితో కోసిన కాయ ముక్కకు ఇనుప రుచి వచ్చేది. తుడవకుండా రాత్రంతా వదిలితే పొద్దునకు తుప్పు చుక్కలు. ఇవన్నీ భరించాను, ఎందుకంటే తుడవడం నా చేతిలో పని. నన్ను ఓడించింది దాని కీలు. ఎనిమిది నెలలకు బ్లేడు పక్కలకు ఆడటం మొదలుపెట్టింది. రివిట్టు మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే బిగిసింది. మూడు నెలలకు మళ్లీ వదులైంది. మళ్లీ కొట్టాను. ఈసారి బ్లేడు తెరవడానికే రానంత బిగుసుకుంది, కొంచెం వదులు చేస్తే మళ్లీ ఆట.

ఆ ఏడాది అంటు కట్టడానికి వచ్చిన పెద్దాయన నా కత్తి తీసుకుని, తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "ఆడతా ఉండాది సామీ. దీంతో కోస్తే పుల్ల వంకరపోతాది, అంటు పట్టదు" అని తిరిగి ఇచ్చేశాడు. బ్లేడు పదును చూడనే లేదు.

ఆయన మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత నేనే అంటు కట్టడం నేర్చుకున్నాక తెలిసింది. చీలిక అంటులో (టెంక మొక్కను చీల్చి, ఆ చీలికలో పుల్లను దించే పద్ధతి) పెన్సిల్ మందం పుల్ల కింది కొసను రెండు వైపులా నాలుగైదు సెంటీమీటర్ల పొడవున ఏటవాలుగా చెక్కాలి. ఆ చెక్కిన ముఖం పలక మీద గీసినట్టు చదునుగా ఉండాలి. పుల్ల బెరడు కిందున్న పచ్చి పొర, టెంక మొక్క బెరడు కిందున్న పచ్చి పొర ఒకదానికొకటి ఆనితేనే రెండూ కలుస్తాయి. బ్లేడు కీలు దగ్గర వెంట్రుకవాసి ఆడినా కోత అలలు అలలుగా వస్తుంది. మధ్యలో గాలి, ఆ గాలిలో నీరు, ఆపైన కుళ్లు. పదును తగ్గితే రాయి తీసుకుని నూరుకోవచ్చు. కీలు పాడైతే ఇంట్లో చేసేది ఏమీ లేదు. చవక కత్తి విషయంలో నేను ఏడేళ్లలో నేర్చుకున్నదంతా ఈ రెండు ముక్కల్లో ఉంది.

రెండోది ఆన్‌లైన్‌లో 449 రూపాయలు. నల్ల పూత, సగం బ్లేడుకు రంపం పళ్లు, వెనకాల అద్దం పగలగొట్టే మొన, సీటు బెల్టు కోసే కొక్కెం, నొక్కితే టక్కున తెరుచుకునే స్ప్రింగు. బ్లేడు మీద ఏదో గొప్ప ఉక్కు పేరు చెక్కి ఉంది. డబ్బా తీసిన రోజు కాగితాన్ని గాలిలో చీల్చింది. నేను మురిసిపోయి అందరికీ చూపించాను. వారం తిరక్కుండా పురికొస మీద జారడం మొదలైంది. రంపం పళ్లలో గోనె పీచు ఇరుక్కునేది. ఆ పళ్లను చదును రాయి మీద నూరడం కుదరదు, సన్నటి గుండ్రని ఆకురాయితో ఒక్కో పన్ను దగ్గరా కూర్చోవాలి. ఇవి చిన్న విషయాలే. అసలు విషయం అయిదో నెలలో జరిగింది. డ్రిప్ పైపుకు బెజ్జం వేయడానికి మొనతో పొడిచాను. లాక్ జారింది. బ్లేడు మడుచుకుని నా చూపుడు వేలి మీద పడింది. నాలుగు కుట్లు పడ్డాయి, ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

తర్వాత విప్పి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. ఇలాంటి కత్తుల్లో పిడి లోపల ఒక రేకు ఉంటుంది. బ్లేడు తెరవగానే ఆ రేకు పక్కకు వచ్చి బ్లేడు మొదలు వెనక నిలబడి అది మడవకుండా ఆపుతుంది. నా కత్తిలో ఆ రేకు బిస్కెట్ డబ్బా మూత మందం ఉంది. పైగా బ్లేడు మొదలు అంచును మాత్రమే తాకుతోంది, దాని వెనక పూర్తిగా నిలబడలేదు. బ్లేడు మొదలు వెడల్పులో కనీసం మూడో వంతు దాకా ఆ రేకు వచ్చి ఉండాలి. కొనేటప్పుడు తెరిచి, వెనక వైపు నుంచి ఒక్క చూపు చూసి ఉంటే నా వేలు బాగుండేది. దయచేసి మీరు చూడండి.

మూడోది పిడి చివర తిరిగే ఉంగరం ఉన్న చెక్క కత్తి, 650. ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు, ఈ ఏర్పాటు చాలా మంచిది. ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ కత్తులకు 1955 నుంచే ఉంది. నేను కొన్నది దాన్ని చూసి చేసిన చవక సరుకు. వానల్లో చెక్క ఉబ్బి బ్లేడు గోటితో తెరవడానికి రాలేదు, మూల పడేశాను. నాలుగోది తాళంచెవికి తగిలించుకునే బుల్లిది, పాకాల బస్సులో పోయింది.

ఇక జేబులో ఉన్నది. 2021 చివర్లో 1,300 పెట్టి కొన్నాను. ఇంట్లో పెద్ద గొడవే అయింది. 2025 సీజన్‌లో బెంగళూరాకు గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలో 12 అన్న లెక్కన చూస్తే, ఒక కత్తి కోసం క్వింటం దాటి కాయలు ఇచ్చినట్టు. ఆ మాట నిజమే, నేను కాదనను. కానీ నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 325, రోజుకు రూపాయి కూడా కాదు. కుట్లు వేయించుకున్న ఖర్చు చూస్తే ఆ 449 కత్తే నాకు అన్నిటికన్నా ఖరీదు పడింది.

దీని బ్లేడు మీద 8సీఆర్13ఎంఓవీ అని ఉంది. చైనా ఉక్కు పేర్లు చదవడం కష్టం కాదు. మొదటి అంకె కార్బన్: 8 అంటే దాదాపు 0.8 శాతం. సీఆర్ తర్వాతది క్రోమియం: 13 శాతం. కార్బన్ పదును నిలబెడుతుంది, క్రోమియం తుప్పును ఆపుతుంది. మూడు, నాలుగు వందల కత్తుల్లో కనిపించే 3సీఆర్13లో కార్బన్ 0.3 శాతమే, అందుకే అది అంత తేలిగ్గా తుప్పు పట్టదు గానీ త్వరగా మొద్దుబారుతుంది. అయితే బ్లేడు మీద చెక్కిన పేరును గుడ్డిగా నమ్మకండి. పేరు చెక్కడానికి ఖర్చు లేదు, ఉక్కును సరిగ్గా కాచి చల్లార్చడానికే ఖర్చు. అలాగే గట్టి ఉక్కే గొప్పదనీ అనుకోకండి. స్విట్జర్లాండ్‌లో కత్తులు చేసే విక్టోరినాక్స్ వాళ్లు, ఉక్కు గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 55, 56 దగ్గరే ఆపుతారు. అలాంటి బ్లేడు ఇంట్లో మామూలు రాయి మీద తేలిగ్గా పదునెక్కుతుంది. మనలాంటి వాళ్లకు కావలసింది అదే.

దీనిలో నాకు నచ్చింది కీలు దగ్గర రివిట్టు బదులు స్క్రూ ఉండటం. ఏడాదికి ఒకసారి కొంచెం ఆట వస్తుంది. నక్షత్రం ఆకారం గాడి ఉన్న స్క్రూ అది, సెల్‌ఫోన్ రిపేరు కిట్‌లో దొరికే డ్రైవరు సరిపోతుంది. పావు చుట్టు బిగిస్తే ఆట పోతుంది. మళ్లీ వదులు కాకుండా స్క్రూ మరకు నెయిల్ పాలిష్ ఒక్క చుక్క పెడతాను. మా ఆవిడ సీసా అడక్కుండా తీసుకున్నందుకు మాట పడ్డాను గానీ, అది నిజంగా పనిచేస్తుంది. నాలుగేళ్ల తర్వాత కూడా బ్లేడు మొన పట్టుకుని పక్కలకు నెడితే కదలదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. బ్లేడు మందం మూడు మిల్లీమీటర్లు. అంచు వెనక కూడా బాగా దళసరిగా ఉంది. పచ్చి బెంగళూరా కాయను కోస్తే కోసినట్టు ఉండదు, చీల్చినట్టు ఉంటుంది. చేటంత కాయను పలుచగా తరగాలంటే ఇంట్లో కత్తిపీటే దిక్కు. జేబుకు తగిలించే క్లిప్పు పని చేసేటప్పుడు అరచేతిలో గుచ్చుకుంటుంది, రెండో ఏడే పీకేశాను. పిడి లోపల దుమ్ము, జీడి చేరి పేరుకుంటాయి. జీడి నీళ్లకు పోదు, నూనె గుడ్డతో తుడవాలి. కొబ్బరి నూనె వాడకండి. చలికాలం రాత్రుళ్లు అది గడ్డకట్టి కత్తి బద్ధకంగా తెరుచుకుంటుంది. కుట్టుమిషన్‌కు వేసే నూనె రెండు చుక్కలు చాలు.

నూరడం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చవక కత్తులు సగం చచ్చేది ఇక్కడే. చిత్తూరు వీధుల్లో సైకిలు తొక్కుతూ సాన పట్టే వాళ్లు వస్తారు. వంటింటి కత్తిపీటకు, కొడవలికి వాళ్ల పని బాగుంటుంది. సన్నటి మడత కత్తిని మాత్రం తిరిగే రాయి మీద పెట్టించకండి. నిప్పురవ్వలు లేచి అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీలు వేడెక్కి మెత్తబడినట్టే. మొదట పదునుగా కనిపిస్తుంది, రెండు సంచులు కోస్తే పోతుంది. హార్డ్‌వేర్ కొట్లలో ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్న కార్బొరండం రాయి దొరుకుతుంది. నీళ్లలో నానబెట్టి వాడండి. ఎంత వాలుగా పట్టుకోవాలో తెలియకపోతే కాగితం మూలను సగానికి మడవండి, మళ్లీ సగానికి మడవండి. 90లో సగం 45, అందులో సగం 22న్నర. ఆ మడతను రాయి పక్కన నిలబెట్టుకుని అదే వాలు చివరిదాకా ఉంచండి. అవతలి వైపు అంచున వేలికి సన్నటి గరుకు తగిలేదాకా ఒక వైపు, తర్వాత రెండో వైపు. చివరికి పాత తోలు బెల్టు మీద పది సార్లు వెనక్కి లాగండి. నేను పదిహేను రోజులకు ఒకసారి చేస్తాను, అంటు రోజుల్లో రోజూ.

కొట్లో కత్తి చేతికి తీసుకుంటే నేను చేసేది ఇది. మడిచి పై నుంచి చూస్తాను, బ్లేడు పిడి మధ్యలో ఉందా, ఒక పక్కకు ఒరిగిందా అని. ఒరిగితే రేకులకు రాసుకుని అంచు పోతుంది. తెరిచి మొన పట్టుకుని నాలుగు వైపులా నెడతాను. లాక్ రేకు ఎంత లోపలికి వచ్చిందో చూస్తాను. తర్వాత వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కుతాను. లాక్ కొంచెం జారినా తిరిగి ఇచ్చేస్తాను. కొట్టతను "కోసి చూడన్నా, కాగితం ఎట్లా తెగుతాదో" అంటాడు. కాగితం మాత్రం కోయను. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు ఇచ్చే గడువు లోపల ఇవన్నీ చూసుకోండి. నొక్కితే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు కత్తుల జోలికి మళ్లీ వెళ్లను. అందులో పాడయ్యే భాగం ఒకటి ఎక్కువ, పైగా జేబులో తెరుచుకుంటే తొడ తెగుతుంది.

చట్టం సంగతి అడుగుతుంటారు. ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు మాట తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడులకు, అవి కూడా ఇంటి పనికి, సేద్యానికి చేసినవి కాకపోతేనే. జేబు కత్తి దాని దరిదాపుల్లోకి రాదు. అయినా కొండకు వెళ్లే రోజు ఇంట్లో పెట్టి వెళ్లండి, అలిపిరి తనిఖీలో పైకి వదలరు. నేను మరిచిపోయి వెళ్లి, కింద పూల కొట్టు అవ్వ దగ్గర దాచి, దిగొచ్చాక తీసుకున్నాను. రేణిగుంట నుంచి విమానం ఎక్కేవాళ్లు చెకిన్ లగేజీలో వేసుకోవాలి, చేతి సంచిలో కుదరదు.

జాతర కత్తిని నాయన పళ్లుతోము పుల్లకు, వక్కలు తరగడానికి వాడుకుంటున్నాడు. ఆ పనికి కీలు ఆడినా ఫరవాలేదు. ఈ ఏడాది జూలైలో నేను కట్టిన 60 అంటుల్లో 47 పట్టాయి. అదంతా కత్తి గొప్ప అని చెప్పను, పుల్లలు మంచివి దొరికాయి, వానా అదునులో పడింది. ఆ పెద్దాయన ఈసారీ వచ్చాడు. నా కత్తి అడిగి తీసుకుని, తెరిచి, చెవి దగ్గర ఊపి చూశాడు. ఏమీ అనలేదు. పుల్ల అందుకుని చెక్కడం మొదలుపెట్టాడు.