ఉట్రెక్ట్‌లో 465 మెట్లు, మధ్యలో ఒక ఖాళీ

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఉట్రెక్ట్‌కి రైల్లో అరగంట. పాత ఊళ్లోకి అడుగుపెడితే దారి అడగక్కర్లేదు, సందు మలుపుల్లో డోమ్ అనే చర్చి గోపురమే కనిపిస్తుంటుంది. 112 మీటర్లు. నెదర్లాండ్స్‌లో ఇంతకన్నా ఎత్తైన చర్చి గోపురం లేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నిలువెల్లా పరంజా కట్టి ఉంది. 2019లో మొదలైన మరమ్మతు 2024లో ముగిసింది. ఈసారి అమ్మానాన్నలతో వెళ్లాను.

పైకి గైడ్‌తోనే వెళ్లాలి. టికెట్‌లో టైమ్ ఉంటుంది, ముందే కొనుక్కోండి. 465 మెట్లు, మెలికలు తిరిగే ఇరుకు దారి, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. అమ్మ కిందే ఆగిపోయింది. నాన్న మాత్రం "తిరుమల మెట్లు ఎక్కినవాణ్ణి, ఇదెంత" అని బయల్దేరి, సగం దారిలో మాట్లాడ్డం మానేశారు. మబ్బు పట్టి పైనుంచి పెద్దగా ఏమీ కనపడలేదు. నాకైతే టికెట్ డబ్బులు గంటల దగ్గరే గిట్టాయి. 1505లో పోతపోసిన సాల్వటర్ గంట ఒక్కటే 8 టన్నుల పైమాట.

అసలు చూడాల్సింది కిందే, పైసా ఖర్చు లేకుండా. 1321లో మొదలుపెట్టి 1382కి గోపురం పూర్తిచేశారు. తర్వాత కట్టిన చర్చి నడిమి భాగానికి మాత్రం డబ్బు చాలక, గోడల్ని బయటినుంచి ఆనుకుని నిలబెట్టే రాతి కమానులు కట్టలేదు. 1674లో వచ్చిన గాలివానకి అది కుప్పకూలింది. గోపురం ఇటు, మిగిలిన చర్చి అటు. మధ్యలో ఇప్పుడు మైదానం, దాని మీదుగా సైకిళ్లు. స్తంభాలు ఎక్కడెక్కడ ఉండేవో నేల మీద రాళ్లతో గుర్తులు పెట్టారు.

"కాళహస్తిలో గోపురం కూలి గుడి మిగిలింది కదరా. ఇక్కడ రెండు కొసలూ ఉండి నడుమే పోయింది" అంది అమ్మ. 2010లో ఆ వార్త టీవీలో చూస్తూ తను ఏడవడం నాకు గుర్తే.

చర్చిలోకి కూడా వెళ్లండి. మతకలహాల కాలంలో ముఖాలు చెక్కేసిన శిల్పాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పక్కనున్న చిన్న తోట అమ్మకి బాగా నచ్చింది.

బసలో మాత్రం పొరపడ్డాను. ఫొటోలు చూసి కాలువ గట్టున పాత ఇంట్లో రూమ్ తీసుకున్నాను. లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. రాత్రి సూట్‌కేసులు రెండూ నేనే మోశాను. పెద్దవాళ్లతో వెళ్తే స్టేషన్ దగ్గర రూమ్ తీసుకోండి, గోపురానికి నడక పది, పదిహేను నిమిషాలే.

ఆ మెట్లెక్కుతూ నాన్న, "ఇవి కలిపితే మొత్తం ఎన్నయినట్టు?" అన్నారు.