అమెరికా స్వాతంత్ర్య ప్రకటన: పన్నులా, రాజు మొండితనమా? ఏ కారణం బలమైంది?

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. 13 వలసలు బ్రిటన్‌తో తెగదెంపులు చేసుకున్నది పన్నుల వల్లనా, రాజు వల్లనా? జవాబులో ఏది ముందు రాయాలి?

పన్నుల వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1765 స్టాంపు చట్టం పత్రికల నుంచి పేకముక్కల దాకా దేన్నీ వదల్లేదు. తమ మనిషి ఒక్కడూ లేని పార్లమెంటు తమ మీద పన్ను వేయడమేమిటన్న కోపం న్యాయమైనదే. 1773 డిసెంబరులో తేయాకు పన్ను మీద కోపంతో వలసల జనం బోస్టన్ రేవులో 342 పెట్టెల తేయాకును నీళ్లపాలు చేశారు. ఆ సరుకు ఈస్టిండియా కంపెనీది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను చేజిక్కించుకున్నదీ ఆ కంపెనీయే. అయితే స్టాంపు చట్టం ఏడాదికే రద్దయింది. తేయాకు పారబోశాక కూడా రెండున్నరేళ్లు వలసలు విడిపోలేదు. గొడవ ఎందుకు మొదలైందో పన్నులు చెబుతాయి, బంధం ఎందుకు తెగిందో చెప్పవు.

నా దృష్టిలో అసలు మలుపు 1775 జూలై. ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్ దగ్గర బ్రిటిష్ సైన్యానికీ వలసల జనానికీ మధ్య నెత్తురు పారింది. అయినా వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్, తన సభ్యుడు జాన్ డికిన్సన్ చేత రాజీ కోరుతూ ‘ఆలివ్ కొమ్మ’ విజ్ఞాపన రాయించి, రాజుకు విధేయులమనే చెప్పుకుంది. పార్లమెంటు అన్యాయం చేసినా రాజు న్యాయం చేస్తాడని వాళ్ల ఆశ. మూడో జార్జి ఆ కాగితం తీసుకోనే లేదు. ఆగస్టు 23న వాళ్లను తిరుగుబాటుదారులని ప్రకటించాడు. ఆ తర్వాత వలసల ఓడలను పట్టుకునే చట్టం, జర్మన్ కిరాయి సైన్యం. ఇక ఎవరికి మొరపెట్టుకోవాలి? 1776 జనవరిలో థామస్ పెయిన్ కరపత్రం ‘కామన్ సెన్స్’ రాజరికాన్నే తిట్టిపోస్తే జనం ఎగబడి చదివారంటే, అప్పటికే మనసు విరిగిపోయింది కనుకే.

అనుమానముంటే ప్రకటన పాఠం ఒకసారి తెరిచి చూడండి. ఫిర్యాదుల్లో చాలావరకు ‘అతడు’ (అంటే రాజు) అనే మొదలవుతాయి. పన్నుకు దక్కింది ఒక్క ముక్క. తేయాకు మాటే లేదు, పార్లమెంటు పేరూ లేదు.

1763లో పడమటి భూములకు వెళ్లొద్దన్న ఆంక్ష, వర్జీనియా బానిసలకు బ్రిటిష్ గవర్నర్ స్వేచ్ఛ ఇవ్వజూపడంతో యజమానులకు వచ్చిన కోపం కూడా కారణాలే. ఒక్కో వాక్యం రాస్తే చాలు.

1776 జూలై 2న విడిపోవడంపై కాంగ్రెస్‌లో ఓటు జరిగింది. న్యూయార్క్ తప్ప 12 వలసలు ఔనన్నాయి. విజ్ఞాపన రాసిన డికిన్సన్ ఆ రోజు సభకు రాలేదు. ఆయన వలస పెన్సిల్వేనియా విడిపోవడానికే ఓటేసింది.