తులం రూపాయిని తూచే కాటా, పదిరెట్ల అద్దం: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

కరీంనగర్‌లో ఉంటూ నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాదు వెళ్లి పాత నాణేలు చూసి కొనడం నాకు తొమ్మిదేళ్ల అలవాటు. ఇన్నేళ్లలో నా సంచిలోంచి ఎన్నడూ తీయని వస్తువులు రెండే. ఒకటి గ్రాములో నూరో వంతు వరకు చూపే, 200 గ్రాముల వరకు మోసే జేబు ఎలక్ట్రానిక్ కాటా. రెండోది కంసాలులు, రాళ్లు చూసేవాళ్లు వాడే పదిరెట్ల మడత అద్దం. అసలు ధర కన్నా తక్కువకు దొరికే నాణెం ఈనాటి బజారులో ఇంకా ఉందా అని నన్ను చాలామంది అడుగుతారు. ఉందని నా నమ్మకం, అయితే దానిని కనిపెట్టింది ప్రతిసారీ ఈ రెండు పరికరాలే కనుక, వాటి బలమూ బలహీనతా రెండూ ఇక్కడ రాస్తున్నాను.

ముందు బజారు సంగతి. వెండి ధర కిలో లక్ష రూపాయలు దాటిన తరువాత పాత వెండి రూపాయల అమ్మకం తీరే మారిపోయింది. ఒకప్పుడు చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ప్రతి రూపాయినీ విడిగా కాగితంలో చుట్టి, సంవత్సరం చూసి ధర చెప్పేవారు. ఇప్పుడు రాజు బొమ్మ, రాణి బొమ్మ అన్న తేడా కూడా లేకుండా ఒకే పళ్లెంలో కుప్పపోసి, "తూకం అంతా ఒకటే సార్, ఏది తీసుకున్నా అదే రేటు" అంటున్నారు. వెండి ధర పెరిగినకొద్దీ మామూలు నాణేనికీ అరుదైన నాణేనికీ మధ్య ఉండవలసిన ధర తేడా ఈ కుప్పల్లో చెరిగిపోతోంది. చవకగా దొరికేదంతా ఆ చెరిగిపోయిన తేడాలోనే ఉంది. అందరికీ తెలిసిన అరుదైన సంవత్సరాల్లో మాత్రం లేదు, ఎందుకంటే వాటి పేరు తెలియని అమ్మకందారు ఇవాళ లేడు.

కాటా మొదట నేర్పేది నష్టపోకుండా ఉండటం. 1835 నుంచి బ్రిటిష్ వారు ముద్రించిన రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, అదే మన తులం. అందులో పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. మా నాయనమ్మ కాలంలో తులం రాయి లేకపోతే త్రాసులో రూపాయి బిళ్ల వేసి తూచేవారని ఇంట్లో చెప్పేవారు, అది అక్షరాలా సరైన తూకమే. ఎనభై తొంభై ఏళ్లు చేతులు మారిన రూపాయి అరిగి 11.40, 11.50 గ్రాములు తూగవచ్చు, అందులో అనుమానించవలసింది లేదు. కానీ 1940లో వెండిని సగానికి తగ్గించి, రాగి, నికెల్, జింకు కలిపినప్పుడు బరువును మాత్రం అదే 11.66 గ్రాముల దగ్గర ఉంచారు. కనుక పూర్వపు రూపాయిలో పది గ్రాములకు పైగా వెండి ఉంటే, 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిలో ఆరు గ్రాములైనా ఉండదు. కాటా మీద రెండూ ఒకటే. కుప్పలో ఈ రెండింటినీ ఒకే ధరకు అమ్మడం నేను తరచుగా చూస్తున్నాను. సంవత్సరం చదవగలిగితే ఇబ్బంది లేదు. అరిగిపోయి చదవలేనప్పుడు అంచు చూడాలి, 1940-45 నాటి సగం వెండి రూపాయి అంచు మధ్యలో దొంగనాణేలను అరికట్టడానికి ప్రత్యేకమైన గాడి పెట్టారు. 1947 నాటి పులిబొమ్మ రూపాయి పూర్తిగా నికెల్ కనుక చిన్న అయస్కాంతానికే అతుక్కుంటుంది.

ఇంటికి వచ్చాక నేను చేసే పరీక్ష నీళ్లది. దీనికోసమే అయినా ఈ కాటా కొనుక్కోవచ్చని నా అభిప్రాయం. ముందుగా నాణేన్ని మామూలుగా తూచి అంకె రాసుకోవాలి. తరువాత సగం నీళ్లు పోసిన ప్లాస్టిక్ గ్లాసును కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేసి, సన్నని దారంతో కట్టిన నాణేన్ని పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయాలి. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది. మేలైన పాత రూపాయి 11.60 గ్రాములు తూగితే నీళ్లలో 1.12 లేదా 1.13 చూపుతుంది, అంటే సుమారు 10.3. సగం వెండి రూపాయి అయితే 1.22 చూపి, తొమ్మిదిన్నర దగ్గర ఆగుతుంది. పేరులో తప్ప వెండి లేని జర్మన్ సిల్వర్‌తో పోసిన నకిలీ అయితే తొమ్మిది కూడా దాటదు. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కనుక, నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క కలపడం నాకు అనుభవం మీద తెలిసిన మెలకువ.

ఈ పరీక్ష తెలియక ముందు నేను చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కాటా కొనక పూర్వం ఒక వ్యాపారి వద్ద 1939 నాటి ఆరో జార్జి రూపాయిని, నా రెండు నెలల పొదుపు పెట్టి కొన్నాను. బయటికి వచ్చినవి చాలా తక్కువ కావడం వల్ల ఆ సంవత్సరానికి పేరు ఎక్కువ, ఆ పేరు వల్లనే నకిలీలూ ఎక్కువ. కాటా ఇంటికి వచ్చిన మొదటి రాత్రి దానినే తూచాను. బరువు 11.52, నీళ్లలో 1.33. భాగిస్తే 8.66. ఆ బిళ్ల ఇప్పటికీ నా డబ్బాలో విడిగా ఉంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన పిల్లలు ఎవరైనా వస్తే మొదట దానినే చేతికిచ్చి తూచమంటాను.

కాటా నష్టాన్ని ఆపితే, అద్దం లాభాన్ని చూపింది. విక్టోరియా రాణి రూపాయల్లో 1862 అత్యంత సాధారణమైన సంవత్సరమని అందరూ చెప్పే మాట నిజమే, కానీ ఆ మాట అక్కడితో ఆగిపోకూడదు. 1874 వరకు టంకశాలలు రూపాయి మీద అదే 1862ను ముద్రిస్తూ పోయాయి. బొంబాయి టంకశాల మాత్రం ఏ యేటిదో తమకు తెలియడానికి వెనుక వైపు, సంవత్సరం అంకెల కిందా పైనున్న పువ్వు దగ్గరా సన్నని చుక్కలు పెడుతూ వచ్చింది. ఆ చుక్కల కూర్పులు అన్నీ సమానంగా దొరికేవి కావు. కంటితో చూస్తే అవి మురికి చుక్కల్లా ఉంటాయి. పదిరెట్ల అద్దంలో ముద్రలోంచి లేచిన చుక్కకూ, తరువాత అంటిన మట్టికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నా సేకరణలో ఇవాళ నేను విలువైనవిగా భావించే విక్టోరియా రూపాయలన్నీ "మామూలు 1862" అన్న ధరకు కొన్నవే. 1840 రూపాయిలోనూ ఇంతే, రాణి పేరు తల చుట్టూ ఒకే వరుసగా సాగిందా, రెండుగా విడిపోయిందా అన్నది మొదట చూసి, తరువాత పూమాల మీది కాయలు లెక్కపెట్టడం సేకర్తలకు అలవాటు.

అయితే నా మనసు ఎక్కువగా నిలిచేది నిజాం నాణేల దగ్గర. హిజ్రీ 1321లో, అంటే 1903 ప్రాంతంలో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సైఫాబాదు టంకశాల మొదలైనప్పటి నుంచి నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కా మీద చార్మినార్ బొమ్మ వచ్చింది. ఆ బొమ్మ మధ్య ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. మహబూబ్ పేరుకు గుర్తుగా మీమ్ ఉంటే అది ఆయన నాణెం. ఉస్మాన్ పేరుకు గుర్తుగా ఐన్ ఉంటే అది ఏడో నిజాముది. 1911 ఆగస్టులో, హిజ్రీ 1329 రంజాను నెలలో రాజు మారడంతో అదే 1329 సంవత్సరం ఇద్దరి నాణేల మీదా కనిపిస్తుంది. పైగా ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల్లో ఐన్ అక్షరం సగం రూపంలో ఉండి, తరువాత పూర్తి రూపంలోకి మారింది. పాతబస్తీలో కుప్పగా అమ్మే చార్మినార్ రూపాయలు, పావలాలు, బేడల్లో (బేడ అంటే రెండణాల నాణెం) ఈ అక్షరాన్ని చూసి ధర చెప్పేవారు నాకు ఇద్దరు ముగ్గురు తప్ప తగల్లేదు. కారణం ఒకటే: ఆ ద్వారం గోరంత కూడా ఉండదు, అద్దం లేకుండా అక్షరం కనపడదు. ఫారసీ అంకెలు నేర్చుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అదే నాణెం మీద కనిపించే 92 సంవత్సరం కాదనీ, అక్షరానికొక అంకె విలువ కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరు అక్షరాల మొత్తమనీ తెలియడానికి మాత్రం ఏడాది పట్టింది. 2022లో సైఫాబాదులోని పాత టంకశాలను మ్యూజియంగా తెరిచారు. అసలు నాణెం ముద్ర ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలనుకునేవారు కొనడానికి ముందు అక్కడ ఒక పూట గడపాలని నా గట్టి సలహా.

అద్దం వల్ల తెలిసే మరొక సంగతి, రుద్దిన నాణెం. మన ఇళ్లలో వెండి రూపాయి ఏడాదంతా పూజ పెట్టెలో ఉండి, వరలక్ష్మీ వ్రతానికీ దీపావళికీ చింతపండుతోనో పళ్లపొడితోనో తళతళలాడేలా తోమబడుతుంది. భక్తితో చేసే పనిని నేను తప్పుపట్టను. కానీ అద్దంలో దాని ఒళ్లంతా ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు కనిపిస్తాయి, సేకర్తల దృష్టిలో సగం విలువ ఆ గీతల్లోనే పోతుంది. దండల్లో గుచ్చడానికి పెట్టిన కొక్కెం తీసేసి, టంకం మచ్చను అరగదీసిన నాణేలు కూడా అద్దానికే దొరుకుతాయి. అంచు మీద పన్నెండు గంటల స్థానంలో పళ్లు చదునుగా ఉన్నాయేమో తప్పక చూడాలి.

ఇక పరికరాల లోపాలు. కాటాకు గాలి పడదు. జుమ్మేరాత్ బజార్లో బండి మీద పెట్టి తూచేటప్పుడు పక్కన ఫ్యాను తిరుగుతున్నా అంకె నిలవదు. ఎండలో ఉన్న సంచిలోంచి తీసిన వెంటనే తూస్తే రెండు మూడు నూరో వంతులు తేడా చూపుతుంది, పది నిమిషాలు నీడలో ఉంచాలి. నేను మొదట కొన్నది మూడో వానాకాలంలో తేమకు పాడైంది. ఇప్పుడున్నది ఆరేళ్లుగా పనిచేస్తోంది కానీ, దానితో వచ్చిన సరిచూపు బిళ్లతో నెలకొకసారి సరిచేయక తప్పదు. అన్నిటికన్నా పెద్ద పరిమితి చిన్న నాణేల దగ్గర వస్తుంది. గ్రామున్నర కూడా తూగని వెండి బేడను నీళ్లలో వేలాడదీస్తే అంకె 0.14 దగ్గర ఉంటుంది, అందులో ఒక్క నూరో వంతు తప్పినా లెక్కంతా తలకిందులవుతుంది. రూపాయి విషయంలో కూడా ఈ కాటా కల్దారు అని పిలిచే బ్రిటిష్ రూపాయి వెండినీ, దానికన్నా కొంచెం తక్కువ మేలిమి ఉన్న హాలీ రూపాయి వెండినీ నమ్మకంగా విడదీయలేదు. అద్దం విషయంలో ముప్పైరెట్లు అని చెక్కిన చవక అద్దాన్ని మొదట కొని మోసపోయాను. అందులో అంచులన్నీ ఇంద్రధనుస్సు రంగులు పూసుకుని కనిపించేవి. మూడు కటకాలు అతికించిన నిజమైన పదిరెట్ల అద్దం ధర ఎక్కువైనా అదే కొనాలి.

చిల్లరలో వచ్చే ఐదు రూపాయల వైష్ణోదేవి బిళ్లకు లక్షలు వస్తాయనే ప్రచారానికి ఈ పరికరాలతో పని లేదు. అది మోసం. పాత నోట్లు, నాణేల కొనుగోలుకు తన పేరు చెప్పి రుసుములు, కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అలాగే పొలంలో దొరికిందని చెప్పి సీసపు, పోటిన్ (ఒక మిశ్రమ లోహం) శాతవాహన నాణేలు తెచ్చేవారి దగ్గర నేను కొనను. కోటిలింగాల మా జిల్లా పక్కనే ఉంది, అక్కడి మట్టిలోంచి వచ్చిన నాణేల వల్లనే శాతవాహనుల తొలి రాజుల గురించి మనకు ఎంతో తెలిసింది. దొరికిన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు విక్టోరియా రూపాయి ఒకటి తెచ్చిపెట్టమన్నప్పుడు కూడా కుదరదన్నాను. నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడాన్ని 1972 పురావస్తు చట్టం అనుమతించదు.

గత నెలలో ఒక వెండి దుకాణంలో, కరిగించడానికి కట్టిన మూటలో నలభై వెండి రూపాయి బిళ్లలు చూసుకోనిచ్చారు. కాటా ఒకటి తక్కువ బరువుదని చెప్పింది, పక్కన పెట్టాను. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా అద్దం కింద పెట్టి వెనక్కి తిప్పుతూ పోతే, ముప్పై రెండో బిళ్ల మీద 1862 కింద రెండు చుక్కలు కనిపించాయి. వెండి ధరకే తెచ్చుకున్నాను. దుకాణదారు మిగిలిన మూటను ముడివేస్తూ, వచ్చేవారం ఇంకొకటి వస్తుందని చెప్పాడు.